శుద్ధి చేసిన నీళ్లలో మందుల లెక్క ఎవరు చెప్పాలి?

మూసీ కష్టాలు తీరే రోజు దగ్గరికొచ్చిందని హైదరాబాద్‌లో పెద్దలు చెబుతున్నారు. నగరంలో ఇప్పటికే ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రాలకు తోడుగా 31 కొత్త కేంద్రాలకు 2021లో 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. వాటి సామర్థ్యం రోజుకు 125 కోట్ల లీటర్ల పైచిలుకు. కొన్ని నడుస్తున్నాయి, కొన్ని పనుల్లో ఉన్నాయి. అన్నీ నడిస్తే నగరంలో పుట్టిన మురుగంతా శుద్ధి అయ్యాకే నదిలోకి వస్తుందని లెక్క చూపిస్తున్నారు.

మంచిదే. ఇది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నురగ తేలే కాల్వల కింద మడి దున్ని, దురదపెట్టే కాళ్లతో ఆఫీసుల ముందు కూర్చున్న రైతులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. అయితే 'శుద్ధి చేసిన నీరు' అన్న మాట వినగానే చప్పట్లు కొట్టకుండా ఒక్క ప్రశ్న అడగాలి. నీళ్లలోంచి ఏం తీశారు? ఏం తీయకుండా వదిలారు?

మన జిల్లాల్లో మూసీ అంటే ఏమిటో కొత్త సభ్యుల కోసం నాలుగు మాటలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో పుట్టి, నగరం నడుమ నుంచి పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల తర్వాత నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అప్పటి నుంచి వానకాలం పోతే నగరం దిగువన నదిలో పారేది చాలావరకు నగరం వాడి వదిలిన నీళ్లే. ఆ నీళ్లకే కత్వలు కట్టుకున్నాం. పిలాయిపల్లి కాల్వ, బునాదిగాని కాల్వ, ధర్మారెడ్డిపల్లి కాల్వ, ఆసిఫ్‌నహర్, ఆ కింద సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, అన్నింటికీ అదే ఆధారం. వాన పడ్డా పడకపోయినా ఏడాది పొడుగునా పారే నీళ్లు చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు. అందుకే కంపు కొట్టినా వదులుకోలేదు. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు వరి వేసిన భూముల్లో పారా గడ్డి వేసి, నగరం పాడి పశువులకు అమ్ముకున్నదీ ఈ నీళ్ల మీదే. ఉప్పు పెరిగి వరి దిగుబడి తగ్గిన చోట గడ్డే మనుషుల్ని బతికించింది.

ఇక అసలు సంగతి. శుద్ధి కేంద్రం అంటే ఏదో మంత్రం కాదు. ముందు జాలీలతో చెత్త, ప్లాస్టిక్ ఆపుతారు. ఇసుక దిగేదాకా నీళ్లను నిలబెడతారు. తర్వాత పెద్ద తొట్లలో గాలి ఊది బాక్టీరియాను పెంచుతారు. ఆ బాక్టీరియా మలమూత్రాల్లోని మురికిని తిని బలుస్తుంది, బురదగా అడుక్కు దిగుతుంది. పైన తేరుకున్న నీళ్లలో క్లోరిన్ కలిపి వదులుతారు. మన పెంటకుప్పలో జరిగేదే అక్కడ తొట్లలో గంటల్లో జరుగుతుంది. మనిషి మురికికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. వాసన తగ్గుతుంది, నీళ్లు తేటగా కనబడతాయి, చేపలు బతికే గాలి నీళ్లలో నిలుస్తుంది.

కానీ నగరం వదిలేది మలమూత్రం ఒక్కటే కాదు. కోటి మంది మింగే మాత్రలున్నాయి. మింగిన మందంతా ఒంట్లో కరిగిపోదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ దాదాపు మింగింది మింగినట్టే బయటికి పోతుంది. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు 104 దేశాల్లో 258 నదుల నీళ్లు పరీక్షించి 2022లో లెక్క ప్రకటించారు. మెట్‌ఫార్మిన్, మూర్ఛకు వాడే కార్బమజెపైన్, కాఫీ టీల్లో ఉండే కెఫీన్, ఈ మూడూ సగానికి పైగా చోట్ల నీళ్లలో దొరికాయి. అంటే ఇది మన ఒక్క మూసీ జబ్బు కాదు.

శుద్ధి కేంద్రంలో ఈ మందులన్నీ ఒకే తీరుగా ప్రవర్తించవు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివాటిని బాక్టీరియా చాలావరకు తినేస్తుంది. ఒళ్లు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ చాలా కేంద్రాల్లో సగం కూడా పోదు. కార్బమజెపైన్ లోపలికి ఎంత వెళ్లిందో ఇంచుమించు అంతే బయటికొస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌ది ఇంకో దారి. అది నీళ్లలో తగ్గినట్టు కనబడుతుంది, కానీ పోయింది ఎక్కడికో కాదు, బురదకు అంటుకుంటుంది. ఆ బురదను ఎండబెట్టి ఎరువని రైతుకే ఇవ్వడం చాలాచోట్ల ఉన్న అలవాటు. ముందు తలుపు దగ్గర ఆపి, వెనక తలుపు నుంచి మన చేలోకే తోలినట్టు! ఇది ఎరువు కదా, ఉచితం కదా అని ట్రాక్టర్ పెట్టి తోలుకునే ముందు ఆ బురదకు పరీక్ష చేశారా, కాగితం ఏదీ అని అడగాలి.

ఇంత తక్కువ మోతాదుకు ఇంత గోల ఎందుకని కొందరు అడుగుతారు. వాళ్లకు రాబందులను గుర్తు చేయాలి. యాభై దాటిన వాళ్లందరం చిన్నప్పుడు చూశాం, గొడ్డు చచ్చి ఊరి బయట పడేస్తే గంటలో గుంపులు దిగేవి. పశువులకు నొప్పికిచ్చిన డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి కుప్పలుగా చచ్చాయి. దేశంలో వాటి జాతే తుడిచిపెట్టుకుపోయే దాకా వచ్చాక 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. ఒక మందు అనుకోని దారిలో వెళ్లి ఏంచేస్తుందో ముందు ఎవరూ ఊహించలేదు. గొడ్డు బాగుపడాలనే ఇచ్చారు, ఎవరూ రాబందుల్ని చంపాలని ఇవ్వలేదు.

యాంటీబయాటిక్ సంగతి రైతుకు ఇంకా సులభంగా అర్థమవుతుంది. బీటీ పత్తిలో గులాబీరంగు పురుగు కథ మనకు తెలుసు. మొదట్లో చచ్చిన పురుగే తర్వాత ఆ విషానికి అలవాటుపడి కాయలో దర్జాగా కూర్చుంది. చాలీచాలని మోతాదు పురుగును చంపదు, ముదురుస్తుంది. నీళ్లలో యాంటీబయాటిక్ రోజూ కొంచెం కొంచెం పారుతుంటే అక్కడి బాక్టీరియా కూడా అలాగే ముదురుతుంది. శుద్ధి కేంద్రం తొట్టె అంటేనే బాక్టీరియా పెంచే చోటు. మనుషుల రోగాలు తెచ్చే బాక్టీరియా, మందు, గాలి, తిండి, నాలుగూ ఒకే తొట్టెలో! రేపు మన పిల్లకో మన బర్రెకో జబ్బు చేసి ఆ మందే రాస్తే అది పనిచేయదు. దవాఖానలో ఖరీదైన ఇంకో ఇంజెక్షన్ రాస్తారు, అప్పు చేసేది మనం.

ఇప్పుడు పటాన్‌చెరు దగ్గరికి రావాలి. మూసీ కింద ఉన్న మనకు, మంజీర వైపు ఉన్న పటాన్‌చెరుకు ఏం సంబంధమని అనుకోవద్దు. సంబంధం పైపు వేసి మరీ కలిపారు.

మెట్టపంటల పరిశోధనకు 1972లో ప్రపంచమంతా కలిసి ఇక్రిశాట్ పెట్టుకున్న ఊరు పటాన్‌చెరు. అదే చోట మందుల ఫ్యాక్టరీలూ వరుసగా వచ్చాయి. ఆ వ్యర్థాలు నక్కవాగులోకి పారి, చుట్టుపక్కల ఊళ్ల చెరువులు, బావులు, పొలాలు పాడయ్యాయి. 1990లో సంగతి సుప్రీంకోర్టుకెక్కింది. రైతులకు నష్టపరిహారం కట్టించాలని కోర్టు ఆదేశించింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటి స్థానికులు దశాబ్దాల పాటు వెంటపడ్డారు. ఆ కేసు చివరికి హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు! కేసు వేసిన రోజు పుట్టిన పిల్లవాడు ఈలోగా పెళ్లి చేసుకుని తండ్రి అయ్యుంటాడు.

అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలకు ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది. స్వీడన్ దేశపు శాస్త్రవేత్తలు దాని నుంచి బయటికొచ్చే నీటిని, అంటే శుద్ధి అయిన నీటిని, పరీక్షించి 2007లో ప్రకటించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఒక్క రోజులో ఆ కేంద్రం నుంచి పారిన సిప్రోఫ్లాక్సాసిన్ సుమారు 45 కిలోలని వాళ్ల అంచనా. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడేంత మందు అది. 2009లో వాళ్లే ఆ చుట్టుపక్కల ఊళ్ల బావినీళ్లు చూస్తే అందులోనూ మందులు దొరికాయి. జలుబు చేస్తే మింగే సెట్రిజిన్ కూడా అందులో ఉంది. బావినీళ్లు తాగితే తుమ్ములు తగ్గుతాయని నవ్వుకోవచ్చు గానీ ఆ నీళ్లు తాగింది పసిపిల్లలు, గర్భిణులు కూడా.

ఆ వ్యర్థజలాలను వాగులోకి వదలొద్దన్నప్పుడు దొరికిన ఉపాయం ఏమిటి? పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి నగరం మురుగుకాల్వలో కలిపారు. అది అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేరుతుంది. రోజుకు దాదాపు 34 కోట్ల లీటర్ల ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం అది. అక్కడి నుంచి మూసీలోకి. మంజీర రైతుల నెత్తిన ఉన్న బరువును మూసీ రైతుల నెత్తికి మార్చారన్నమాట. ఇళ్ల మురుగులో కలిస్తే మందు పలచబడుతుంది, నిజమే. పలచబడడం వేరు, పోవడం వేరు. పాలలో నీళ్లు కలిపితే పాలు ఎక్కడికీ పోవు.

ఇక్కడే మన సంఘం వైఖరి స్పష్టంగా ఉండాలి. ఇంటి మురుగు, ఫ్యాక్టరీ మురుగు ఒకే గాట కట్టకూడదు. ఇంట్లో మాత్ర మింగిన ముసలవ్వది నేరం కాదు, ఆమె విసర్జించిన మందును తీసే బాధ్యత ప్రభుత్వానిది. ఫ్యాక్టరీలో మందు తయారుచేసి కడిగిన నీళ్లను శుద్ధి చేసే బాధ్యత మాత్రం ఆ ఫ్యాక్టరీదే, దాని గేటు లోపలే, దాని ఖర్చుతోనే. కొన్ని కంపెనీలు మేము చుక్క నీరు బయటికి వదలడం లేదంటున్నాయి. నిజంగా వదలకపోతే సంతోషం. అప్పుడు గేటు బయట నాలా నీళ్లు ఎవరైనా పరీక్షించవచ్చు కదా, భయమెందుకు? రాత్రిపూట ట్యాంకర్లు నాలాల్లో ఖాళీ చేస్తున్నాయని వచ్చే ఫిర్యాదులకు ఎవరు జవాబు చెప్పాలి?

మందుల్ని తీయడం అసలు సాధ్యమేనా అని మొన్న మండల సమావేశంలో ఒక తమ్ముడు అడిగాడు. సాధ్యమే. చేసి చూపించినవాళ్లున్నారు. స్విట్జర్లాండ్ 2016 నుంచి చట్టం పెట్టి, ఎంచిన సుమారు వంద కేంద్రాల్లో మామూలు శుద్ధి అయ్యాక ఇంకో దశ కలుపుతోంది. మందులు, ఇతర రసాయనాల్లో 80 శాతం తీయాలని అక్కడ నియమం. 2040 దాకా గడువు పెట్టుకున్నారు. రెండు పద్ధతులు వాడుతున్నారు. ఒకటి ఓజోన్. కరెంటుతో ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మార్చి నీళ్లలోకి ఊదితే అది మందు అణువుల్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు మళ్లీ కొత్త బెడద కాకుండా ఇసుక వడపోతలో బాక్టీరియాకు తినిపిస్తారు. రెండోది బొగ్గు. ఇంట్లో నీళ్ల ఫిల్టర్‌లో నల్లగా ఉండే పొర ఉంటుంది చూడండి, అదే. కొబ్బరి చిప్పలతో కూడా చేస్తారు. ఆ బొగ్గుకు కంటికి కనబడని రంధ్రాలు కోట్లలో ఉంటాయి, మందు వాటిలో చిక్కుకుంటుంది. పొడి కలిపే చోట వెయ్యి లీటర్లకు పది ఇరవై గ్రాములు సరిపోతుంది. మందు పట్టిన ఆ బొగ్గును బురదతో పాటు కాల్చేస్తారు, చేలకు తోలరు.

ఈ పద్ధతులకు లోపాలూ ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. ఓజోన్‌కు కరెంటు బాగా కావాలి. ఫ్యాక్టరీ నీళ్లలో బ్రోమైడ్ లాంటి ఉప్పులుంటే ఓజోన్ వాటిని బ్రోమేట్ అనే విషంగా మారుస్తుంది. అందుకే ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కేంద్రాల్లో ఓజోన్ పెట్టడానికి ఆ దేశాలవాళ్లే జంకుతారు. రెండు మురుగులూ కలపొద్దని మనం అడగడానికి ఇది ఇంకో కారణం. ఇక ఉప్పు సంగతి. మూసీ నీళ్ల చవుడుతో మన వరి పొలాలు ఎలా అయ్యాయో వేరే చెప్పక్కర్లేదు. బొగ్గుగానీ ఓజోన్‌గానీ ఉప్పును తీయవు. ఆర్వో పెడితే ఉప్పు, మందు రెండూ పోతాయి గానీ, వదిలేసే చిక్కటి ఉప్పునీళ్లు ఎక్కడ పోయాలన్నది మళ్లీ తలనొప్పి. అన్నింటికీ ఒకే మిషను ఉందని ఎవరైనా కంపెనీ ఏజెంటు వచ్చి చెబితే నమ్మొద్దు.

ఖర్చు? స్విట్జర్లాండ్‌లో దీనికోసం మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకుల వరకు వసూలు చేస్తున్నారు. మన డబ్బులో వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. వాళ్ల జీతాలకు అది ఒక పూట హోటల్ భోజనం కూడా కాదు, మన కూలీకి మాత్రం రెండు రోజుల సంపాదన. కాబట్టి వాళ్ల లెక్కను ఇక్కడ దించి ప్రజల నీటి బిల్లులో కలిపితే ఒప్పుకోం. యూరప్ దేశాల కూటమి ఇంకో దారి పట్టింది. 2024లో చేసిన కొత్త చట్టం ప్రకారం పెద్ద కేంద్రాలన్నీ 2045 నాటికి మందులు తీసే నాలుగో దశ శుద్ధి పెట్టాలి. ఆ ఖర్చులో కనీసం 80 శాతం మందుల కంపెనీలు, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలి. కంపెనీలు ఊరుకోలేదు, వాటి సంఘం 2025లో కోర్టుకు వెళ్లింది. పోరు అక్కడా ఉంది. అయినా మందు అమ్మి లాభం తిన్నవాడే కడగాలన్న సూత్రం చట్టంలోకి ఎక్కింది.

మన దగ్గర ఏం జరిగింది? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో అందులో రాశారు. ప్రపంచమే మెచ్చుకుంది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయమైంది. ఎవరు తీయించారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నగర మురుగు శుద్ధి కేంద్రాలకైతే 2017 అక్టోబరు నియమాల్లో నాలుగే కొలతలు పెట్టారు. ఆమ్లం–క్షారం, బీవోడీ, తేలే మడ్డి, మలంలోని కోలీఫాం బాక్టీరియా. 2019లో హరిత ట్రిబ్యునల్ నత్రజని, భాస్వరం లాంటివి కలపమంది. మందు అన్న మాట ఎక్కడా లేదు. అంటే రేపు 31 కేంద్రాలూ చక్కగా నడిచి, రోజూ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నా, మందు సంగతి ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్న పరీక్ష పేపర్లోనే లేదు మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొలవడం ఎలాగో తెలియదని ఇక చెప్పడానికి లేదు.

మన పంట సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది మాట్లాడితే మన ఆకుకూర మార్కెట్లో ఎవరూ కొనరని, పాల కేంద్రంలో ధర పడిపోతుందని కొందరు సభ్యులు భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. ఏదైనా టీవీలో 'విషపు కూరగాయలు' అని ఒక్క రాత్రి చూపిస్తే తెల్లారి బండి మీద కట్టలు వాడిపోయేది మనవే, ఫ్యాక్టరీ షేరు ధర మాత్రం పైసా తగ్గదు. అయినా నోరు మూసుకుంటే రక్షణ దొరకదు. ఇజ్రాయెల్ తన మురుగులో అధిక భాగం శుద్ధి చేసి సేద్యానికి వాడే దేశం. ఆ పద్ధతి చూసి రండని మన అధికారులు ఎన్నోసార్లు విమానాలెక్కారు. అక్కడి శాస్త్రవేత్తలు 2016లో ఒక పరీక్ష ప్రకటించారు. శుద్ధి చేసిన మురుగుతో పండిన కూరగాయలు ఒక వారం తిన్నవాళ్ల మూత్రంలో కార్బమజెపైన్ పెరిగింది. మంచినీళ్లతో పండినవి తిన్నవాళ్లలో పెరగలేదు. దొరికింది చాలా కొద్ది మోతాదు, రోగి మింగే మాత్రతో పోల్చితే లెక్కలోకే రాదు. ఎవరికీ జబ్బు చేసిందని వాళ్లు చెప్పలేదు. కానీ నీళ్లలోది మొక్కలోకి, మొక్కలోది మనిషిలోకి వస్తుందని తేలింది. ఆ మందు గింజలో, కాయలో కన్నా ఆకులో ఎక్కువ చేరుతుంది, నీళ్లతో పైకెక్కి ఆకులో నిలిచిపోతుంది కాబట్టి. అందుకని నేరుగా మూసీ నీళ్లు పారే మడిలో కొత్తిమీర, పాలకూర లాంటివి తగ్గించుకోవడం, బోరు ఉన్నవాళ్లు ఆకుకూరకు బోరు నీళ్లు వాడుకుని కాల్వ నీళ్లను వరికి, గడ్డికి పెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని. ఆకుల మీద కాల్వ నీళ్లు చల్లకుండా సాళ్లలో పారించాలి. కొంటున్న నగరవాసి మన శత్రువు కాడు. ఆయన మింగిన మాత్రే కాల్వ దారిన ఆయన కంచంలోకి తిరిగొస్తోంది. ఈ గొడవలో ఆయన మన పక్కన నిలబడాల్సిన మనిషి.

నీళ్లే ఆపేస్తారేమోనన్న భయం ఇంకొకటి. అది ఊరికే పుట్టింది కాదు. కేంద్రం అమృత్ 2.0 పథకంలో పరిశ్రమల నీటి అవసరంలో 40 శాతం శుద్ధి చేసిన మురుగునీటితో తీర్చాలని లక్ష్యం రాసుకుంది. మంచినీళ్లు ఆదా అవుతాయి కాబట్టి దాన్ని మేము కాదనం. కానీ బాగా శుద్ధి అయినవి ఫ్యాక్టరీలకు, భవనాలకు, పార్కులకు పోయి, సగం శుద్ధి అయినవి, మందులు మిగిలినవి మాత్రం కత్వల్లోకి వస్తే అది న్యాయం కాదు. నూరేళ్లుగా ఈ నీళ్ల మీద సాగు చేస్తున్న ఆయకట్టుకు వాటా ముందు తేల్చాలి, కాగితం మీద రాసివ్వాలి. నది ఒడ్డున పార్కులు కట్టే ఉత్సాహంలో నది కింద ఉన్న మడిని మరిచిపోవద్దు.

పొరుగున కోలార్ రైతుల అనుభవం మనకు పనికొస్తుంది. బెంగళూరు మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ చెరువులకు పంపుతున్నారు. ఎండిపోయిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లొచ్చాయి, అది అబద్ధం కాదు. అయితే మూడో దశ శుద్ధి చేసి పంపండి, మా భూగర్భజలాలు పాడుచేయొద్దు అని అక్కడి రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. నీళ్లు వద్దనలేదు, మంచి నీళ్లు కావాలన్నారు. మన మాటా అదే.

అందుకని సంఘం తరఫున ప్రభుత్వాన్ని అడిగేది ఇది. సేద్యానికి నీళ్లు వదిలే ప్రతి శుద్ధి కేంద్రం దగ్గర కనీసం పది పదిహేను రకాల మందులకు మూడు నెలలకోసారి పరీక్ష చేయించి, ఫలితాలను కాల్వ కింద ఉన్న ప్రతి గ్రామ పంచాయతీ బోర్డు మీద తెలుగులో పెట్టాలి. పరీక్షించేది కేంద్రాన్ని నడిపే కంపెనీ కాకుండా వ్యవసాయ విశ్వవిద్యాలయమో ఇంకో ప్రభుత్వ సంస్థో కావాలి. ఫ్యాక్టరీల వ్యర్థజలాలను ఇళ్ల మురుగులో కలపడం గడువు పెట్టి ఆపాలి. 2020 ముసాయిదాలో ఉన్న యాంటీబయాటిక్ పరిమితులను తిరిగి చట్టంలోకి తేవాలి. అన్ని కేంద్రాలకూ ఒకేసారి నాలుగో దశ పెట్టమని అడగడం లేదు, అంత డబ్బు లేదని మాకూ తెలుసు. కత్వలకు దగ్గరగా ఉండి ఎక్కువ నీళ్లు వదిలే రెండు పెద్ద కేంద్రాల్లో బొగ్గు వడపోతతో మొదలుపెట్టండి. ఖర్చులో పెద్ద వాటా మందుల కంపెనీల నుంచి రాబట్టండి. దేశంలో తయారయ్యే మందుల్లో పెద్ద భాగం ఇక్కడే తయారవుతోందని గర్వంగా చెప్పుకునే రాష్ట్రానికి ఇది చేతకాని పని కాదు.

ఈ నెలలో కాల్వల కింద ఉన్న గ్రామ కమిటీలన్నీ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టాలని జిల్లా కమిటీ నిర్ణయించింది. జలమండలికి ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి. అడగాల్సినవి నాలుగు. మన కాల్వకు నీళ్లు వదిలే శుద్ధి కేంద్రంలోకి ఏయే పరిశ్రమల వ్యర్థజలాలు వస్తున్నాయి, రోజుకు ఎన్ని లీటర్లు? ఆ కేంద్రం నుంచి వెళ్లే నీళ్లలో మందుల అవశేషాలకు ఎప్పుడైనా పరీక్ష చేశారా, చేస్తే ఆ కాగితాలు ఇవ్వండి. అక్కడి బురద ఎక్కడికి పోతోంది, రైతులకు ఇస్తే ఎవరికి ఇచ్చారు? మన కత్వ దగ్గర చివరిసారి నీటి నమూనా ఎప్పుడు తీశారు? దరఖాస్తుకు 10 రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు, కార్డు నకలు జత చేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి, దాని నమూనా మండల కార్యదర్శి దగ్గర ఉంటుంది. వచ్చిన జవాబుల నకళ్లు, జవాబు రాని దరఖాస్తుల రశీదులు కూడా పత్రికకు పంపండి. కాగితం వెనక ఊరి పేరుతో పాటు కాల్వ పేరు, ఆయకట్టు ఎన్ని ఎకరాలో కూడా రాయండి.